ఆడపిల్లలకు తెరిచిన తలుపు

కిటికీ అద్దాల మీది ఉప్పు తుడుస్తుంటే బావ అన్నాడు, "ఇంకాస్త గట్టిగా రుద్దు పిల్లా. వచ్చేవాళ్ళకి సముద్రం కనబడద్దూ?" ఈ ఊళ్ళో సముద్రపు గాలికి తెల్లారేసరికి అద్దాలు మసకబారిపోతాయి. ఇదివరకు అక్క తుడిచేది. చంటిది పుట్టాక నన్ను మా పల్లె నుంచి పిలిపించారు. "పనికోసం కాదండీ, యూనివర్సిటీలో చేర్పిస్తాం" అని బావ నాన్నతో అన్నాడు. ఆ మాట నమ్మే నాన్న పంపించాడు. వచ్చాక, "చంటిది నడవనీ" అన్నాడు. నడిచింది. "మాటలు రానీ" అన్నాడు. అక్క కూడా పెళ్ళికి ముందు ఇక్కడే చదువుతూ మధ్యలో మానేసింది. ఇప్పుడు పాలు పొంగిపోతే బావ ఆమెతో, "కాలేజీ మెట్లెక్కినదానివి, గిన్నె చూసుకోలేవా?" అంటాడు. అక్క పొయ్యి తుడుస్తుంది. ఈ ఏటి అడ్మిషన్లకు ఇవాళే ఆఖరు. నా సర్టిఫికెట్లు సంచిలో పాలసీసా పక్కన పెట్టుకున్నాను కానీ, బావను ఇంకా అడగలేదు.

బావ చరిత్ర చెప్పే మాస్టారు. అతిథులొస్తే ఊరు చూపించడం ఆయనకు సరదా. ఇవాళా అంతే. ముందు ఆయన, వెనక అతిథులు, వాళ్ళ వెనక ఫ్లాస్కుతో అక్క, సంచి భుజాన, చంటిదాన్ని చంకన వేసుకుని నేను. ఓడలు రావడం మానేశాక రేవు గోదాములనే యూనివర్సిటీ తరగతి గదులు చేశారట. గోడలకు తాళ్ళు కట్టే ఇనుప కడియాలు ఇంకా ఉన్నాయి.

చివరికి ఒక పెద్ద తలుపు దగ్గర ఆగాడు. "ఈ తీరంలో ఆడపిల్లలకు మొదట తెరిచిన తలుపు ఇదేనండీ. గోడల మీద బొగ్గుతో రాసి ఏడిపించినా ఆ పిల్లలు వెనక్కి పోలేదు!" ఆయన గొంతు నిజంగానే వణికింది.

అతిథుల్లో ఒక పెద్దావిడ నావైపు తిరిగింది. "నువ్వేం చదువుతున్నావమ్మా?"

"మా మరదలండీ. అక్కంటే ప్రాణం. పుస్తకం ఇచ్చినా ముట్టుకోదు" అని బావ నవ్వాడు. అందరూ నవ్వారు.

అక్క దగ్గరికొచ్చి మెల్లగా అంది, "దాన్ని వాళ్ళ నాన్నకిచ్చి లోపలికి పో. అడ్మిషన్ల ఆఫీసు లోపలే. నీ తరఫున నేనడగలేనే. సాయంత్రం ఆ ఇంటికే కదా నేను వెళ్ళాలి."

అది ధైర్యం కాదు. నవ్విన వాళ్ళ ముందు నిలబడలేకపోయాను, అంతే. చంటిదాన్ని బావ చేతుల్లో పెట్టాను.

"ఏయ్, ఎక్కడికి?" అన్నాడు. అంతమందిలో గొంతు పెంచలేకపోయాడు.

ఆఫీసు ముందు వరుసలో నిలబడి కిటికీలోంచి చూశాను. బావ రెండు చేతులూ ఊపుతూ రేవు గురించి చెబుతున్నాడు. చంటిది అప్పుడే అక్క చంకకు చేరింది. చేతిలో ఫ్లాస్కుతో అక్క అందరికన్నా వెనక నడుస్తోంది. పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉంది.

పిలవలేదు. వరుసలో ఒక అడుగు ముందుకు జరిగాను.