పెద్దింట్లమ్మ చెలమ

గవ్వలదిబ్బ చూడ్డానికి వచ్చినవాళ్ళని పడవ నడిపే రత్తయ్య ఒకటే కోరేవాడు. అన్నీ చూశాక చెలమ దగ్గర ఆగి, దోసెడు నీళ్ళు తాగి వెళ్ళమనేవాడు. ఆ దోసెడు నీళ్ళూ నేను తాగలేదు, నా పిల్లల్నీ తాగనివ్వలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరెలాంటిదో బందరులో నా దగ్గర చదువుకున్న ఏ ఆడపిల్లనడిగినా చెబుతుంది.

యాభై ఏడు ఫిబ్రవరిలో మా మిషన్ స్కూలు థర్డ్ ఫారం పిల్లల్ని పద్దెనిమిది మందిని వెంటబెట్టుకుని వెళ్ళాను. భూగోళం చెప్పేది నేనే. స్కూలు పత్రికకి ‘దిబ్బ మీద చూడదగిన ప్రకృతి వింతలు’ అని వ్యాసం రాసిమ్మని హెడ్మాస్టరు నతానియేలుగారు అడిగారు. చల్లపల్లి మీదుగా బస్సులో నాగాయలంక చేరి, రాత్రి అక్కడి బడిలో పడుకుని, పొద్దున్నే రత్తయ్య పడవెక్కాం. రత్తయ్య సముద్రం వేటకి వెళ్ళే మనిషి. అప్పటికే యాభై దాటాయి.

దిబ్బంటే చుట్టూ నీళ్ళున్న లంక, చిన్నదేం కాదు, ఈ చివర్నించి ఆ చివరికి నడవాలంటే ఒక పూట పడుతుంది. అంతా ఇసుకే. ఇసుకలో చూసేదేముంటుందిలే అనుకుంటూనే దిగాను. కృష్ణ నీళ్ళు సముద్రంలో కలిసేచోట గీత గీసినట్టు రెండు రంగులు కనిపించాయి. రాత్రి గుడ్లు పెట్టి వెళ్ళిన తాబేలు జాడ ఒడ్డునుంచి పైదాకా బండి లాగినట్టుంది. “చెప్పులిప్పండమ్మా, కింద గుడ్లుంటయ్యి,” అని రత్తయ్య అందరి చేతా చెప్పులు విప్పించాడు. దూరం నుంచి ఒడ్డంతా ఎర్రగా ఉంది. దగ్గరికెళ్తే ఆ ఎరుపంతా పీతలై బొరియల్లోకి దూరిపోయింది. మడచెట్ల వేళ్ళు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి, వాటి అవతల మడుగులో గులాబీరంగు కొంగలు. పిల్లలకంటే నేనే ఎక్కువ సంబరపడ్డాను.

ఎండ నడినెత్తికొచ్చాక మొగలిపొదల దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇసుకలో మోకాలి లోతు గుంట, అడుగున తేటనీళ్ళు. పక్కన పాతిన కర్రకి పసుపూ కుంకుమా, ఎండిన బంతిపూలూ.

“ఇది పెద్దింట్లమ్మ చెలమండి,” అన్నాడు. “సముద్రం పక్కనే ఇంత తియ్యటి నీళ్ళు. మా తల్లి చూపించిందండి. తలా ఒక దోసెడు తాగండమ్మా.”

పెద్దింట్లమ్మంటే కొల్లేటికోట అమ్మవారని మా జిల్లాలో తెలియనిదెవరికి? మా తాత కాలంలో క్రీస్తులోకి వచ్చిన కుటుంబం మాది. నాకు ఒళ్ళు మండింది. సువర్ణ అనే పిల్ల అప్పటికే వంగి దోసిలి పట్టింది. రెక్క పట్టుకుని వెనక్కి లాగాను.

“మేం ఇలాంటివి తాగం రత్తయ్యా.”

“అది కాదండి, మా తల్లి...”

“నీ తల్లి సంగతి తెలుసులే. వాననీరు తేలిక, ఉప్పునీరు బరువు. ఇసుకలో ఇంకిన వాననీరు పైన నిలుస్తుంది, తవ్వితే తియ్యగానే ఉంటుంది. దానికి దేవత పేరు పెట్టి, బొట్లు పెట్టి తెలియనివాళ్ళని మోసం చేస్తారా?”

రత్తయ్య కర్రకున్న ఎండు బంతిపూలు సర్దాడు. “ఉన్నమాట చెప్పెయ్యమంటారా అండి?”

“ఎప్పుడైనా ఉన్నమాటే చెప్పాలి.”

సరేనన్నట్టు తలూపాడు. పిల్లల ముందు మంచి పాఠం చెప్పానని నేను పొంగిపోయాను. వ్యాసంలో అన్నీ రాశాను, చెలమ తప్ప.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కొత్త పిల్లల్ని తీసుకుని మళ్ళీ వెళ్ళాను. రత్తయ్య రెండు నీళ్ళ గీతా, తాబేటి జాడా, పీతలూ చూపించి పడవవైపు తిరిగాడు.

“చెలమ చూపించవేం? మీ అమ్మవారికి నా మీద కోపమొచ్చిందా?” అని వేళాకోళమాడాను.

“ఇప్పుడది లేదండి, పూడిపోయింది. మీరు ఉన్నమాట చెప్పమన్నారు కదండీ. అది అమ్మవారు కాదు, మా పిల్ల అని అందరికీ చెప్పేశాను.”

“ఏ పిల్ల?”

“మా పెద్దింట్లమ్మండి. అమ్మవారికి మొక్కుకుంటే పుట్టింది, ఆ పేరే పెట్టుకున్నాం.”

మా నాన్న పోయేదాకా నన్ను ‘తల్లీ’ అనే పిలిచాడు. మా వైపు ఏ తండ్రైనా కూతుర్ని అలాగే పిలుస్తాడు. ఆ మాట రత్తయ్య నోట విన్నప్పుడు మాత్రం నాకు తట్టలేదు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

కొన్నేళ్ళ కిందట వేటకాలంలో దిబ్బ మీద గుడిసెలు వేసుకుని ఉన్నారట. గాలివానకి మూడు రోజులు పడవ కదల్లేదు. కుండల్లో నీళ్ళైపోయాయి. ఎనిమిదేళ్ళ పిల్ల పీతల కోసం ఇసుక తవ్వుతూ, తడి వేలు నోట్లో పెట్టుకుని, “నాన్నా, తియ్యగున్నయ్యి” అని పరిగెత్తుకొచ్చింది. పన్నెండు మంది ఆ నీళ్ళతో బతికారు. మరుసటేడు అక్కడే జ్వరమొచ్చి రెండు రోజుల్లో పోయింది. ఆ మొగలిపొద పక్కనే పూడ్చిపెట్టుకున్నారు.

“దారినపోయే పడవలోళ్ళు నీళ్ళు పట్టుకుంటా పేరడిగేవోళ్ళండి. చెబితే అమ్మవారనుకుని దణ్ణం పెట్టేవోళ్ళు. నేను కాదన్లేదు. రోజూ ఎవరో ఒకళ్ళు తోడేవోళ్ళు, మా పిల్ల పేరు చెప్పుకుని తాగేవోళ్ళు. మీరన్నాక తప్పనిపించిందండి. ఉన్నమాట చెప్పాను. పిల్లని పూడ్చినచోట నీళ్ళా అని కుండలు పారబోసుకున్నారు. ఇప్పుడు పడవే ఆపరు. తోడకపోతే చెలమ నెల్లాళ్ళు కూడా బతకదండి.”

“నువ్వు తోడకపోయావా?”

“తోడానండి కొన్నాళ్ళు. తాగేవోళ్ళు లేకపోతే పాసిపోతన్నయ్యి. చూళ్ళేకపోయాను.” నా మొహం చూసి, “మీ తప్పేం లేదు లెండి,” అన్నాడు.

తిట్టినా బాగుండేది. నన్ను క్షమించమని చేతులు జోడించాను. అయ్యో, తప్పండి అంటూ పక్కకి జరిగాడు. చెలమ ఎక్కడుండేదో చూపించమంటే చూపించాడు. కర్ర కూడా లేదు. మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతుల్తో ఇసుక తోడడం మొదలుపెట్టాను. పిల్లలు చుట్టూ మూగారు.

“వద్దండి పంతులమ్మగారూ.”

“నేను తాగుతాను రత్తయ్యా. వీళ్ళందరి చేతా తాగిస్తాను. నీ కూతురి పేరు చెప్పి మరీ తాగిస్తాను.”

“తాగుతారండి. తాగి సాయంత్రం బస్సుకి బందరెళ్ళిపోతారు. రేపెవరు తోడతారండి?”

వేళ్ళకి అప్పటికే తడి ఇసుక తగులుతోంది. రత్తయ్య నా ఎదురుగా కూర్చున్నాడు. నేను చేతులు తీసేదాకా ఆగి, ఆ గుంటని మెల్లిగా పూడ్చేశాడు. పైన ఇసుక అరచేత్తో సర్ది లేచి, పోటు రాకముందే పడవెక్కమని పిల్లల్ని పిలిచాడు.