పేరు పక్కన తొమ్మిది

టీచరమ్మకు స్నానం చేయించడమంటే మాటలు కాదు. నీళ్ళు కాస్త వేడెక్కితే "నన్ను ఉడకబెడుతున్నావా?" అంటుంది, కాస్త చల్లబడితే "చంపుతావా ఏంటి?" అంటుంది. మధ్యలో ఎక్కాలు చెబుతుంది, ఏడో ఎక్కం దగ్గర ఎప్పుడూ తప్పుతుంది. ఆ మంగళవారం పొద్దున్న తాళాలక్క ఆమె తలకు షాంపూ పెట్టి, నురగ కళ్ళల్లోకి పోకుండా నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టి ఉండగా ఆఫీసు గదిలోంచి మేనేజరు గారి కేక వినిపించింది. "ఏమ్మా, కంప్యూటరేదో అంటోంది, ఒకసారి రా!"

ఆ వృద్ధుల ఆశ్రమంలో ఎవరికేం కావాలన్నా ఆమెనే పిలవాలి. మందుల బీరువా, సరుకుల గది, వెనక గేటు, అన్ని తాళాలూ ఆమె నడుముకే వేలాడతాయి కనుక అందరికీ తాళాలక్క అయింది. పేరుకు ఆమె ఉద్యోగం పెద్దవాళ్ళను చూసుకోవడం. కంప్యూటరు పని అందులో లేదు. పదకొండేళ్ళ కిందట కంప్యూటరు కొత్తగా వచ్చినప్పుడు "నీకు ఓపిక ఎక్కువమ్మా" అని మేనేజరు గారు ఒక్క మాటన్నారు, అంతే, అది ఆమె పనైపోయింది. ఇంట్లోనూ అంతే కదా! "నా కోడలికి అలుపే తెలీదు" అని అత్తగారు ఊరంతా చెప్పుకునేది. తెలీకపోవడమేంటి, అడిగిన వాళ్ళుంటేగా?

టీచరమ్మను తుడిచి, బట్టలు వేసి, కుర్చీలో కూర్చోబెట్టి వెళ్ళి చూస్తే తెరంతా ఎర్రగా ఉంది. మీ ఫైళ్ళన్నిటికీ మేం తాళం వేశాం, తియ్యాలంటే మాతో మాట్లాడండి అని రాసి ఉంది. ఇరవై నలుగురు పెద్దవాళ్ళు. ఎవరికి ఏ మాత్ర ఎప్పుడు వెయ్యాలి, ఎవరికి ఏది పడదు, ఎవరికైనా ఏదైనా అయితే ఏ కొడుక్కి, ఏ కూతురికి ఫోన్ చెయ్యాలి, సమస్తం అందులోనే ఉంది. "కాపీ తీసి పెట్టారా?" అని అడిగింది తాళాలక్క. "తీశానమ్మా. అందులోనే పెట్టాను" అన్నారు మేనేజరు గారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆమెకు.

రెండిటికీ తీరిక కూడా లేదు. పదకొండు గంటల మందుల వేళ దగ్గరపడింది. ఆమె తన జేబులోంచి నూనె మరకలు పడిన చిన్న నోటుబుక్కు తీసింది. కంప్యూటరును ఎప్పుడూ పూర్తిగా నమ్మలేక చేత్తో రాసుకుంటూ వచ్చిన పుస్తకం అది. ఆ రోజూ, ఆ తర్వాత మూడు రోజులూ ఒక్క మాత్ర తప్పలేదు. నాలుగు రోజులు ఆమె ఇంటికి ఆలస్యంగా వెళ్తే, "ఆశ్రమంలోనే ఉండిపోకపోయావా" అన్నాడు మొగుడు. వెటకారానికే అన్నాడు, కానీ కుక్కర్ పెడుతూ ఆమె నిజంగానే ఆ మాట ఆలోచించింది.

శుక్రవారం సైబర్ భద్రత నేర్పే అమ్మాయి వచ్చింది. కళ్ళద్దాలు, చకచకా మాట, మంచి పిల్ల. అందరినీ భోజనాల గదిలో కూర్చోబెట్టి గోడ మీద బొమ్మలు చూపించింది. మందుల కంపెనీ పంపినట్టే ఉండే దొంగ మెయిలు చూపించి, ఎక్కడ అనుమానం రావాలో చెప్పింది. మంగళవారం పది గంటల పది నిమిషాలకు ఎవరో ఆ మెయిల్లో లింకు నొక్కారట. ఎవరి పేరు మీద? తాళాలక్క పేరు మీద. అందరూ ఆమె వైపు తిరిగారు. మేనేజరు గారు మాత్రం తన చెప్పుల వైపు చూసుకున్నారు.

తర్వాతి బొమ్మలో వాళ్ళ కంప్యూటరే ఉంది. తెర అంచున అంటించిన పసుపు కాగితం, దాని మీద ఆమె చేతిరాత. "పాస్‌వర్డు రాసి అంటించడం ఒక తప్పు. పిల్లల పేర్లు పెట్టుకోవడం ఇంకో తప్పు. ఇది ఇక ఎలాగూ పనికిరాదు కనుక చూపిస్తున్నాను" అంటూ ఆ అమ్మాయి ఆ పేరు పైకి చదివింది. "పక్కన తొమ్మిది. ఎవరి పాప?"

"పాపా! ఆవిడకి ఒక్కడే కొడుకు" అని వంటాయన నవ్వాడు. నలుగురూ నవ్వారు.

తాళాలక్కకు ఆ నవ్వు వినిపించలేదు. ఆ పేరు వినిపించింది. పధ్నాలుగేళ్ళలో ఆ పేరు ఒక మనిషి గొంతులోంచి వినడం అదే మొదలు. తొమ్మిది రోజులు బతికిన పిల్ల. పేరు పెట్టడానికి ఇంకా వ్యవధి ఉందని ఇంట్లో అందరూ అనుకుంటూ ఉండగానే, మూడో రోజు పాలు పడుతూ ఆమె ఒక్కతే పేరు పెట్టుకుంది, చెవిలో చెప్పింది. పిల్ల పోయింది. "పేరైనా లేని పిల్లకి ఇంత ఏడుపేంటి, మళ్ళీ పుడతార్లే" అంది అత్తగారు. ఇంకో మాట కూడా అంది. "నీ అజాగ్రత్త వల్లే పోయింది." గుండెకు పుట్టుకతోనే చిల్లు ఉందని డాక్టరు చెబుతూనే ఉన్నాడు. పక్కనున్న మొగుడు అవునూ అనలేదు, కాదూ అనలేదు. తర్వాత మాత్రం "ఇక ఆ సంగతి ఎత్తకు" అన్నాడు. ఆమె ఎత్తలేదు. కొత్త కంప్యూటరు, నీకు మాత్రమే తెలిసిన మాట ఒకటి చెప్పమని అడిగిన రోజున, చెప్పింది. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే వేళ్ళతో కూతుర్ని ఒక్కసారి పిలుచుకుని పని మొదలుపెట్టేది.

రెండేళ్ళ కిందట మేనేజరు గారు ఆ పాస్‌వర్డు రాసి అంటించమన్నారు. "స్నానాల గదిలో నువ్వు, మందుల వివరాలు ఎక్కించాల్సింది ఇక్కడ, అయిదు నిమిషాలకోసారి ఇది మూసుకుపోతుంది, నిన్నెన్నిసార్లని పిలవను? మన మధ్య దాపరికాలేంటమ్మా" అన్నారు. ఆ మాట ఆమెకు అలవాటే. "మొగుడూ పెళ్ళాల మధ్య దాపరికమేంటి" అని ఆమె ఫోనుకున్న లాక్ మొగుడు ఎప్పుడో తీయించేశాడు. నడుముకు పదమూడు తాళాలు, ఆమెదంటూ వేసుకున్న తాళం ఒక్కటీ లేదు.

అందరూ లేచి వెళ్ళాక ఆ అమ్మాయి దగ్గరికి వచ్చింది. "మీ నోటుబుక్కు సంగతి విన్నానండీ. కంప్యూటరు ఆగినా పని ఆగకపోవడమే అసలు జాగ్రత్త, నా పాఠాల్లో సగం మీరే చేసి పెట్టారు" అంది. ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి, "ఆ పేరు మాత్రం ఇక ఎక్కడా వాడకండి. దొంగల చేతిలో పడిపోయింది" అంది. తాళాలక్క తల ఊపింది. కొత్త పాస్‌వర్డు పెట్టుకుందామని, బాగుచేసిన కంప్యూటరు ముందు కూర్చుంటే అది పాతది ఒకసారి కొట్టమంది. ఒక్కో అక్షరం నొక్కింది, చివర తొమ్మిది నొక్కింది. ఎంటర్ మీట నొక్కబోయి ఆగింది. అప్పుడు మట్టికి ఇచ్చిన పిల్లను మళ్ళీ ఇప్పుడు ఇచ్చేస్తున్నట్టు ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. తర్వాత నొక్కింది. కొత్తదేంటో ఎవరికీ చెప్పలేదు.

వెళ్ళేటప్పుడు మేనేజరు గారు ఒక కాగితం చేతిలో పెట్టారు. జరిగినదానికి పైవాళ్ళకు పంపాల్సిన నివేదిక. "నీ పేరు మీద జరిగింది కదమ్మా, సంతకం పెట్టి రేపు తెచ్చెయ్. కొన్నాళ్ళు మందుల తాళం వేరేవాళ్ళ దగ్గరుంటుంది, అంతే" అన్నారు. కారణం అనే గడిలో ఆయనే టైపు చేసి ఉంచారు: సంరక్షకురాలి అజాగ్రత్త.

ఇంట్లో భోజనాల బల్ల మీద ఆ కాగితం పరిచి ఆమె ఆ ఒక్క మాటనే చూస్తూ కూర్చుంది. కొడుకు పక్క గదిలో చదువుకుంటున్నాడు. మొగుడు తొంగి చూసి, "పెట్టెయ్యవే సంతకం. గొడవెందుకు, సర్దుకుపోతే పోలా?" అన్నాడు. ఒకసారి సర్దుకుపోయింది. ఆ మాటను పధ్నాలుగేళ్ళు మోసింది.

ఆమె పెన్ను తీసి అజాగ్రత్త అన్నదాన్ని అడ్డంగా కొట్టేసింది. దాని పైన రాసింది: మంగళవారం పది నుంచి పదిన్నర వరకు నేను స్నానాల గదిలో ఉన్నాను. స్నానాల రిజిస్టరు చూడండి. లింకు నొక్కింది నేను కాదు. కింద ఇంకో రెండు గడులున్నాయి. పాస్‌వర్డుగా వాడిన పేరు. కుటుంబంలో వారిదైతే బంధుత్వం. మొదటి గడిలో పేరు రాసింది. రెండో గడిలో, ఏ కాగితం మీదా ఎప్పుడూ రాయని మాట, కూతురు అని రాసింది.

ఆయన ఆమె భుజం మీదుగా వంగి చదివాడు. కొట్టివేతకు చిరాకు పడబోయి ఆ పేరు దగ్గర ఆగాడు.

"ఇదెవరి పేరు?"

"మన పెద్దదానిది."

ఆయన పక్క కుర్చీ లాక్కుని కూర్చుండిపోయాడు. "నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

ఆమె సంతకం పెట్టి పెన్ను మూసింది. "మీరు ఇవాళేగా అడిగారు" అంది.