పుట్టింటి వాన

పొద్దున్నే మొహం కడుక్కోగానే ముసలి డ్రైవరు చేసే మొదటి పని కారులో నీళ్లు తోడటం. చెంబూ పాత తువ్వాలూ పట్టుకుని షెడ్డులోకి వెళ్లేవాడు. తోడినన్ని తోడి, మిగిలిన తడి తువ్వాలుతో ఒత్తి, బయట పిండి, మళ్లీ వంగేవాడు. వంగిన వీపు మీద జల్లు పడుతూనే ఉండేది.

ఆ కారు ఇంగ్లండులో పుట్టింది. ముదురాకుపచ్చ రంగు, పొడుగాటి ముక్కు, గుండ్రటి దీపాలు, సైకిలు చక్రాల్లా పుల్లలున్న చక్రాలు, ఇద్దరికే చోటు. వచ్చేటప్పుడు పుట్టింటి వానను కూడా వెంట తెచ్చుకుంది. బయట ఎండ మండిపోతున్నా సీట్ల మీద సన్నటి తుంపర పడేది. గుడ్డ టాపు వేస్తే టాపు కింద పడేది. వీధిలో ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. కొన్ని కార్లు పొగ వదులుతాయి, ఇందులో వాన పడుతుంది, అంతే. డ్రైవరు భార్య పక్క సీటులో గొడుగు వేసుకుని కూర్చునేది. కాళ్ల దగ్గర మొలిచిన నాచును తీసి పూలకుండీల్లో వేసేది.

వారమంతా బస్సులో ఊరందరినీ మోసి, ఆదివారం ఆవిడనొక్కదాన్నే ఈ కారులో తిప్పేవాడు. "ఇందులో చిల్లర కోసం పోట్లాడేవాళ్లుండరు" అనేవాడు.

ఇప్పుడు చూపు పోయింది. అద్దానికి ఆవిరి పట్టినట్టు మెల్లగా పోయింది. స్టీరింగు ముట్టుకోవద్దని, చేతికర్ర పట్టుకోమని కళ్ల డాక్టరు చెప్పాడు. కర్ర తెచ్చిన రోజు నుంచీ తలుపు వెనకే ఉంది. "వీధిలో తడుముకుంటూ తిరిగేకంటే ఇంట్లో పడి ఉంటాను" అని మొండికేశాడు.

భార్యకు చెప్పని సంగతి ఒకటుంది. కారులో కూర్చుంటే ఆయనకు అన్నీ కనిపించేవి. తుంపర చెక్క స్టీరింగు మీద ఒకలా మోగేది, తోలు సీటు మీద ఇంకోలా, ఆవిడ గొడుగు మీద మరోలా. వింటూ ఉంటే కారు లోపలంతా బొమ్మ గీసినట్టు ఎదుట నిలిచేది. దిగితే మళ్లీ లోకమంతా పొగమంచే.

కానీ నడిచే కారు తన వానను గాలికి విదిలించుకుంటుంది. నిలబడ్డ కారులో నీళ్లు నిలుస్తాయి. ఒకరోజు తువ్వాలుతో ఒత్తుతుంటే కింది రేకు పెచ్చుగా ఊడి, ఆయన వేలు అవతలికి దిగిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర, "కారు అమ్మేద్దాం" అన్నాడు.

"మీరేనా ఈ మాటంటున్నది? షెడ్డులో పిల్లి పడుకుంటే నిద్ర చెడుతుందని తరిమేశారే."

"పిల్లి నిద్రా?"

"కారు నిద్ర."

ఆయన నవ్వలేదు. "నడిపేవాడి దగ్గర లేకపోతే అది తుప్పైపోతుంది."

"మరి మీరో?"

"నాకు తుప్పెందుకు పడుతుంది?"

కొనడానికి పళ్ల డాక్టరొకాయన వచ్చాడు, గొడుగుతో సహా.

"వాన ఎప్పుడూ ఇంతేనా, పెరుగుతుందా బాబాయ్?"

"మలుపుల్లో కాస్త పక్కకు కొడుతుంది."

"రేడియో ఉందా?"

"ఉండేది. మునిగిపోయింది."

"రోజూ తిప్పుతారా?" అని ఈయన అడిగాడు.

"నా దగ్గరికొచ్చేవాళ్లంతా నోరు తెరుచుకుని కూర్చుంటారు బాబాయ్. రోజుకోసారైనా గాలికి నేను నోరు తెరవాలని ఉంది."

ఆ జవాబు ముసలాయనకు నచ్చింది. డాక్టరు లోపల కూర్చుని గేరు అటూ ఇటూ కదిపి చూస్తున్నాడు. బయట నిలబడి లోపలి తుంపర చప్పుడు వింటున్న డ్రైవరు ఉన్నట్టుండి అన్నాడు: "గేరు అంత బిగించి పట్టకండి. పన్ను పీకుతున్నట్టుంది."

"మీకు చూపు లేదన్నారే?"

"ఇందులో ఉంది."

భార్య ఆయన మోచేయి పట్టుకుని షెడ్డు మూలకు లాక్కెళ్లింది. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు? అమ్మొద్దు. అలాగే కూర్చోండి అందులో."

"నాకు కనపడటం కోసం దాన్ని చంపమంటావా?" అని తాళంచెవి తీసి డాక్టరు చేతిలో పెట్టాడు.

ఆదివారం ఉదయం డాక్టరు వచ్చి కారు తీసుకెళ్లాడు. ఇంజను చప్పుడు సందు చివరి దాకా వెళ్లి ఆగింది. అక్కణ్నుంచి కేక వినిపించింది: "బాబాయ్, లోపల చినుకు లేదు."

"ఏమండీ, వాన ఆగిందట" అంది భార్య.

ఆయన ఖాళీ షెడ్డులో, ఇక పనేమీ లేకపోయినా, చెంబు తీయడానికి వంగాడు. వీపు మీద జల్లు పడింది.

నిటారుగా లేచాడు. జల్లు ఆయన్ను దాటి ముందుకు జరిగింది. రేకు తలుపు మీద పడింది, తలుపు కనిపించింది. కుండీలు కనిపించాయి. ఇనుప గేటు చువ్వలు ఒక్కొక్కటే మోగుతూ నిలబడ్డాయి. గేటు పక్కన ఒక మనిషి తల, భుజాలు, చెంప మీద పెట్టుకున్న చేయి.

"గొడుగు తెచ్చుకోలేదేం?" అన్నాడు.

ఆవిడ చెంప మీంచి చేయి తీసింది. "కర్ర తేనా?" అంది.

"అక్కర్లేదు. గొడుగు తెచ్చుకో, జలుబు చేస్తుంది."

"ఎక్కడికి?"

"ఇవాళ ఆదివారం కదా."

ఆవిడ గొడుగు తెచ్చుకుని, అలవాటు కొద్దీ, ఆయనకు ఎడమ పక్కకు వచ్చింది. ఆయన గేటు తీసుకుని వీధిలోకి అడుగుపెట్టాడు. వాన ముందు నడిచింది, ఇద్దరికే చోటున్న వాన.