ఎలీసమ్మ పిన్ని కెప్టెన్

మా చిన్నప్పుడు మా ఇంట్లో టీవీ లేదు. ఎలీసమ్మ పిన్ని ఉండేది. అది చాలు మాకు.

పిన్ని విజయనగరంలో ఒక లెక్చరర్ గారింట్లో వంట చేసేది. ఆదివారం చర్చి అవగానే పనిలోకి పోయి, వంటింటి గుమ్మంలో నిలబడి అంతరిక్ష నౌక సీరియల్ చూసొచ్చేది. సాయంత్రం మా అరుగు మీద కూర్చుని ఆ కథంతా చెప్పేది. సీరియల్ హిందీ. పిన్నికి హిందీ ఒక్క ముక్క రాదు. అయితేనేం! నౌకకి కెప్టెన్ ఆడది, పేరు తార. తోకచుక్క అడ్డమొస్తే మగాళ్లంతా బిక్కచచ్చిపోతారు. తార మాత్రం "నానున్నాను కదేటి, గట్టిగా అట్టుకోండర్రా!" అని నౌకను పక్కకి తిప్పేస్తుంది.

"ఆడోళ్లు నడిపితే ఓడ వంటింట్లోకి పోతాది" అని మా బెన్హర్ బావ వెక్కిరిస్తే వీపు మీద ఒక్కటిచ్చాను. తర్వాత అతన్నే పెళ్లాడాను, అది వేరే సంగతి.

ఇప్పుడు నేను కొత్తవలసలో లోకో పైలట్‌ని. కిరండూల్ లైన్లో గూడ్స్ నడుపుతాను. ఇంజను సొరంగంలో దూరి చీకటి కమ్మినప్పుడల్లా తార గుర్తొస్తుంది. ఆ అరుగు, ఆ గొంతు గుర్తొచ్చి ప్రాణం హాయిగా ఉంటుంది.

మా అమ్మాయి షీబాకి పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదవాలని ఆశ. క్లాసులో ఆడపిల్ల నువ్వొక్కదానివే ఉంటావని ఎవరో అన్నారట, అప్పట్నుంచీ వెనక్కి తగ్గుతోంది. రేపే బ్రాంచి చెప్పాలి. నా అదృష్టం కొద్దీ ఆ సీరియల్ ఫోన్‌లో దొరికింది. తారను చూస్తే పిల్ల కుదుటపడుతుందని, పిన్నిని కూడా పిలిపించి ముగ్గురం కూర్చున్నాం.

తార వచ్చింది. పిన్ని చెప్పిన వెండి రంగు కోటే. కానీ నౌక నడిపేది ఒక మీసాలాయన. తార ట్రేలో కాఫీ తెచ్చింది. తోకచుక్క రాగానే కెవ్వుమని అరిచి మీసాలాయన భుజం పట్టుకుంది. ఇంకో భాగం పెట్టాను. మళ్లీ కాఫీయే!

నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. షీబా తలొంచుకుని గోళ్లు చూసుకుంటోంది.

"పిన్నీ, నీకు హిందీ రాక ఏదో అనుకున్నావా?"

"హిందీ రాదు గానీ, కాఫీ ట్రే తెలీదేటే నాకు?" పిన్ని కళ్లజోడు తీసింది. "రోజల్లా ఆ ఇంట్లో నాను మోసింది అదే. కాళ్లీడ్సుకుంటూ వొచ్చి నీకూ అదే సెప్పాలేటి? అంత మంచి కోటేసుకుని ఆ గుంట ట్రే మొయ్యడమేటని నాకు మా సెడ్డ కోపమొచ్చీసినాది. నానే దాన్ని కెప్టెన్ కుర్సీలో కూకోబెట్టీసినాను."

ఇన్నేళ్లూ సొరంగాల్లో నాకు తోడొచ్చింది ఈవిడ. చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. "ఓలమ్మో, ఊరుకోయే కృపా" అంది పిన్ని.

షీబా ఫోన్ బోర్లా పెట్టేసి పిన్ని పక్కకి జరిగింది.

"మామ్మా, మరి తోకచుక్క వచ్చాక ఏటైంది?"

"ఏటవుద్ది? ఇంజను ఆగిపోనాది. మగాళ్లు గోల. తార కోటిప్పీసి, పానా అట్టుకుని కిందకి దిగినాది."

"ఏ సైజు పానా?" అంది షీబా.