రెండో దిండు

జడ్జి ఎలైహు స్ట్రోడ్ మంచం అంచున కూర్చుని, వాచిన పాదాలను బూట్లలోకి తోస్తున్నాడు. గోడవైపు కాస్త తప్ప పక్క నలగలేదు. రెండో దిండు పెట్టింది పెట్టినట్టే ఉంది.

"మళ్లీ గోడకంటుకునే పడుకున్నారా? అంత మంచం ఎవరికండీ?" అంది వేణ్నీళ్లు తెచ్చిన సత్రం యజమానురాలు కెజయా.

"లంట్‌కి."

లంట్ పోయి చాలా కాలమైంది. అమెరికాలో, మా ఇండియానా రాష్ట్రంలో, కోర్టు ఊరూరా తిరిగే ఆ రోజుల్లో వకీళ్లు పగలు కత్తులు నూరుకునేవారు, రాత్రి సత్రంలో ఒకే మంచం మీద పడుకునేవారు. సత్రంలో విన్నది కోర్టులో ఎత్తకూడదు. అది వాళ్ల మర్యాద. కుర్ర వకీలుగా స్ట్రోడ్ జారెడ్ పెల్ అనే ముద్దాయి తరఫున వాదిస్తున్న రోజుల్లో, ఒక రాత్రి పక్కనే పడుకున్న అవతలి వకీలు లంట్ దుప్పట్లో కిసుక్కున నవ్వాడు. "నేరం జరిగిన రాత్రి నా సాక్షి తాగి పడున్నాడోయ్!"

స్ట్రోడ్ మర్యాద నిలబెట్టాడు. పెల్‌ను ఉరితీశారు. వకీళ్లలో స్ట్రోడ్‌కు నమ్మదగ్గ మనిషని పేరొచ్చింది. లంటే దగ్గరుండి ఓట్లు వేయించి శాసనసభకు పంపాడు. ఆ తర్వాత జడ్జి కుర్చీ. అన్ని మెట్లూ పెల్ మెడ మీదుగానే ఎక్కానని స్ట్రోడ్ బాధ. కన్ను మూస్తే చాలు, పక్కనుంచి లంట్ నవ్వే.

నిన్న భోజనాల బల్ల దగ్గర ప్రభుత్వ వకీలు బెగ్స్ కూడా అలాగే నవ్వాడు. "మా సాక్షికి వీధి అవతల గుర్రమేదో ఆవేదో తెలీదు!" ఇవాళ ఆ సాక్షి మాట మీదే ఒక పాలేరు ప్రాణం వేలాడుతోంది.

కోర్టులో సాక్షి పాలేరును వేలెత్తి చూపించి బోను దిగబోయాడు.

"ఆగు," అన్నాడు జడ్జి. "బెగ్స్, నిన్న బల్ల దగ్గర ఇతని కళ్ల సంగతి అన్నావే. అదిక్కడ చెప్పు."

"అయ్యా, అది మనలో మన మాట! పెద్దవారు, మీరే ఇలాగా?"

"చెప్పు నాయనా. ఒకసారి నేను నోరు మూసుకున్నాను."

బెగ్స్‌కు చెప్పక తప్పలేదు. పాలేరు విడుదలై మధ్యాహ్నానికి ఇంటికెళ్లాడు.

సత్రంలో భోజనాలకు వకీళ్లెవరూ జడ్జి ఉన్న బల్ల దగ్గర కూర్చోలేదు. "ఈయనున్న సత్రంలో ఇక నోటికి తాళమే," అన్నాడొకడు, వినపడేలా. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నానని స్ట్రోడ్‌కూ తెలుసు, పెల్ తిరిగి రాడు. అయినా మొక్కజొన్న రొట్టె మరో ముక్క అడిగి తిన్నాడు.

"కాసేపు నడుం వాలుస్తానమ్మా," అని పైకి వెళ్లాడు.

సాయంత్రం కెజయా కాఫీ తెచ్చి పిలిస్తే పలకలేదు. మంచం నడిమధ్య, చేతులు బారచాపుకుని వెల్లకిలా ఉన్నాడు. ఒళ్లు చల్లబడింది. ఆమె ఏడుస్తూ దుప్పటి సర్ది, మనుషులను పిలవడానికి బయటికొచ్చింది.

రెండో దిండు గది బయట, గుమ్మం పక్కన, గోడకు ఆనించి ఉంది.