కారు పొట్ట కింది ట్రే

నాగవేణికి నలభై ఆరో ఏట స్పోర్ట్స్ కారు కొనాలనిపించింది. ఒకటి అనిపించాక ఎక్కువ కాలం ఆలోచించే మనిషి కాదామె. మంగళగిరిలో మామగారు నడిపిన చిన్న బట్టల కొట్టును రెండంతస్తుల చీరల షాపుగా మార్చింది కూడా ఆ పద్ధతిలోనే. హైదరాబాదులో ఎవరో వాడి అమ్మేసిన పసుపుపచ్చ కారు ఒకటి దొరికింది. రెండే సీట్లు. నేలకు జానెడెత్తు. భవానీపురంలో వాళ్ళ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి మొదటిసారి దిగుతూనే అది గర్రుమని గీసుకుంది.

"కొబ్బరికాయ నేను కొట్టేలోపు అదే కొట్టేసుకుంది" అన్నాడు పక్క సీట్లోంచి భర్త దుర్గాశంకర్.

ఆయన మంగళగిరిలోనే జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. నిదానం మనిషి, నిండు విగ్రహం. కారులో కూర్చోవడం ఆయనకు పెద్ద కష్టం కాదు, వదిలేస్తే పడిపోతాడు కాబట్టి. లేవడమే కష్టం. ముందు రెండు కాళ్ళూ బయటపెట్టి, తలుపు పట్టుకుని, దేవుణ్ణి తలుచుకుని లేవాలి. అయినా పొద్దున్నే భార్యతో పాటు అందులోనే బయల్దేరేవాడు. ఆమె స్పీడు మీద ఆయనకు నమ్మకం లేదు, పక్కన తానుంటే తగ్గిస్తుందని ఆశ.

బ్యారేజీ దాటి ఉండవల్లి సెంటర్ నుంచి మంగళగిరి దాకా ఎన్ని స్పీడ్ బ్రేకర్లుంటే అన్నిచోట్లా కారు కింద గర్రుమనేది. టీ కొట్టు దగ్గర జనం గ్లాసులు పట్టుకుని వంగి చూసేవాళ్ళు. ఆ చప్పుడు నాగవేణికి పంటి కింద రాయిలా ఉండేది.

ఆటోనగర్‌లో మెకానిక్ ఏసుపాదం కారును పైకి లేపి చూశాడు.

"ఇంజన్‌కేం కాలేదు మేడమ్. ఇంజన్ కింద ఈ ప్లాస్టిక్ ట్రే ఉంది చూడండి, ఇదే గీసుకుంటోంది. ముందంచు పగిలింది కూడా. తీసేద్దాం. చాలామంది తీసేస్తారు."

"తియ్యకూడదు" అన్నాడు దుర్గాశంకర్.

"ఎందుకని?" అంది నాగవేణి.

"గాలి కింద నుంచి సాఫీగా పోవడానికి పెట్టారది. బురద, రాళ్ళు, నీళ్ళు ఇంజన్‌కి తగలకుండా కూడా. కారు చేసినవాడు ఊరికే పెట్టడు కదా."

"కారు చేసినవాడు ఉండవల్లి రోడ్డు చూశాడా?"

ఏసుపాదం నవ్వాపుకుంటూ పక్కకి తిరిగాడు. ఆ రోజుకి ట్రే ఉండిపోయింది. తరవాత వారం రోజులూ ఇంట్లో అదే గొడవ. కూర వడ్డిస్తూ ఆమె తియ్యాలనేది, మజ్జిగ పోసుకుంటూ ఆయన వద్దనేవాడు. దుర్గాశంకర్ తల్లి శివపార్వతమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసేది. ఆవిడకు కావలసింది వేరే.

"ఉంచండి, తియ్యండి, మీ ఇష్టం. నన్నెప్పుడు ఎక్కిస్తారు?" అని అడిగేది.

ఒకరోజు కాలేజీలో పరీక్షలుండి దుర్గాశంకర్ ముందే బస్సులో వెళ్ళిపోయాడు. నాగవేణి నేరుగా ఆటోనగర్ వెళ్ళి ట్రే ఊడదీయించి, ఇంటికి తెచ్చి బాల్కనీలో గోడకి ఆనించింది. సాయంత్రం భర్తను పక్కన కూర్చోబెట్టుకుని దారిలోని బ్రేకర్లన్నీ నెమ్మదిగా, గర్వంగా దాటించింది. ఎక్కడా చప్పుడు లేదు.

"విన్నారా?" అంది.

"ఏం వినపడలేదు."

"అదే, అదే వినమంటున్నా."

ఇంటికెళ్ళాక ఆయన బాల్కనీలో ట్రేని చూసి, పగిలిన అంచుని వేలితో తడిమాడు. మర్నాటికి శివపార్వతమ్మ దాన్ని సబ్బుపెట్టి తోమి, మీద పాత పంచె పరిచి, చల్లమిరపకాయలు ఎండబెట్టింది.

ఆ నెలలోనే శివపార్వతమ్మ చెల్లెలు కనకలక్ష్మి పామర్రులో కొత్త బట్టల షాపు తెరిచింది. అందరూ రావాలని కబురు. కారులో రెండే సీట్లు కదా. శివపార్వతమ్మ తెల్లారేసరికే స్నానం చేసి, జరీ అంచు చీర కట్టుకుని, పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టేసుకుంది.

"అమ్మా, నేనో?" అన్నాడు దుర్గాశంకర్.

"బస్సులు బాగానే ఉన్నాయంట నాయనా."

కారు కదిలాక ఆవిడ కాళ్ళు బారజాపి నవ్వింది. "గుంటమగ్గంలో కూర్చున్నట్టే ఉందే వేణీ! ముప్పైయేళ్ళు అలాగే గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని నేశా. అదేమో ఉన్నచోటే ఉండేది, ఇది పరిగెడుతోంది."

కంకిపాడు దాటింది, ఉయ్యూరు దాటింది. ఆవిడ అద్దం దించమంది, పాట పెట్టమంది, ముందున్న లారీని దాటమంది. అత్తగారిలో ఇంత హుషారుందని నాగవేణికి ఇన్నేళ్ళుగా తెలియలేదు. పామర్రు దగ్గర పడుతుండగా హైవే మీద లారీ ఏదో అడ్డం తిరిగి బళ్ళన్నీ ఆగిపోయాయి. నాగవేణి కాలవ గట్టు రోడ్డులోకి తిప్పింది.

మాగాణుల్లో మినుము పీకే రోజులవి. రైతులు కాయలతో పీకిన మొక్కల్ని, మినప కట్టెని, తెచ్చి తారు రోడ్డు మీద మందంగా పరుస్తారు. వచ్చేపోయే బళ్ళు తొక్కితే కాయలు పగిలి గింజలు రాలతాయి. ఆటోలు, ట్రాక్టర్లు దాని మీదుగా హాయిగా పోతున్నాయి. నాగవేణి కూడా పోయింది. కారు పరుపు మీద పోతున్నట్టు మెత్తగా సాగింది. కొంచెం దూరం పోయేసరికి బరువెక్కింది. వెనక నుంచి కేకలు వినిపించాయి.

శివపార్వతమ్మ ముక్కు ఎగబీల్చింది. "వేణీ, ఎవరో సున్నుండలకి మినుములు వేయిస్తున్నారే! కమ్మగా వస్తోంది వాసన."

వేగుతున్నవి కారు కిందే. బానెట్ సందుల్లోంచి పొగ లేచింది. నాగవేణి కారు ఆపి, ఇంజన్ కట్టేసి, అత్తగారి బెల్టు విప్పి చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. వంగి చూస్తే కారు పొట్టంతా మినప కట్టే. చక్రాల మధ్య నుంచి గుర్రం తోకలా వెనక్కి వేలాడుతోంది.

పంచె ఎగగట్టుకుని ఒక పెద్దాయన పరిగెత్తుకొచ్చాడు. పేరు రత్తయ్య. పంట ఆయనదే.

"ఏమ్మా, తొక్కమని పరిచాం గానీ పట్టుకుపొమ్మని పరిచామా?"

"బాబాయిగారూ, ముందు పొగ సంగతి చూడండి!" అంది నాగవేణి.

ఆయన పొగ చూసి కోపం మరిచిపోయాడు. కర్రతో అందినంత మేర కట్టె బయటికి లాగాడు. నిప్పంటుకోలేదు గానీ లోపలికి ఇరుక్కున్నది రాలేదు. ఇంతలో నాగవేణి ఫోన్ అందుకుని, ఆగిపోయిన బస్సు దిగి, ఆటోలో దుర్గాశంకర్ వచ్చాడు. తల్లినీ భార్యనీ ఎగాదిగా చూశాడు. ఇద్దరికీ ఏమీ కాలేదని తేల్చుకున్నాక, షాపు ప్రారంభానికని వేసుకున్న కొత్త తెల్లచొక్కాతోనే రోడ్డు మీద వెల్లకిలా పడుకుని, ఒక చెయ్యి కారు కిందికి పోనిచ్చాడు. గుప్పెళ్ళు గుప్పెళ్ళు లాగుతున్నాడు. శివపార్వతమ్మ గట్టు మీద కూర్చుని వాటిలోంచి గింజలు దులిపి రత్తయ్య గోనెలో వేస్తోంది.

దుర్గాశంకర్ ఒక్క మాటా అనడం లేదు. నాగవేణికి అదే భరించరానిదిగా ఉంది.

"అనండి" అంది చివరికి.

"ఏమనను?"

"ట్రే ఉంటే ఇలా అయ్యేదా అని. నోటిదాకా వచ్చింది కదా, అనేయండి."

ఆయన కారు కింద నుంచే జవాబిచ్చాడు. "మినుములు బాగా పండాయి అనుకుంటున్నా."

నాగవేణికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రత్తయ్య మాత్రం ఆ మాట నిజమనే తీసుకుని, "అవునండీ, ఈ ఏడు పల్లాకు తెగులు రాలేదు" అన్నాడు. కనకలక్ష్మి షాపు రిబ్బను వాళ్ళు లేకుండానే కత్తిరించేశారు. దుర్గాశంకర్ వీపు మీద తారు మరకలు చూసి అక్కడ కొత్త చొక్కా ఒకటి పెట్టారు.

మర్నాడే ట్రే మళ్ళీ ఆటోనగర్ చేరింది. పగిలిన అంచుకి ఏసుపాదం అతుకు వేశాడు. "మేడమ్, దీనికి పెరుగు వాసనొస్తోందేంటి?" అని అడిగాడు. నాగవేణి వినపడనట్టు ఊరుకుంది. ఇక గర్రు తప్పదని మనసు రాయి చేసుకుంది.

కారు చేతికొచ్చిన శనివారమే శివపార్వతమ్మ మంగళగిరి కొండకి పోదామంది. ఉండవల్లి సెంటర్లో మొదటి బ్రేకర్ వచ్చింది. నాగవేణి పళ్ళు బిగించింది. చప్పుడు లేదు. రెండోదీ అంతే. ట్రే మళ్ళీ ఊడిపోయిందేమోనని దిగి చూసింది. ఉంది, బిగుతుగానే ఉంది. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కారు పిల్లిలా నడిచింది. అతుకు మహిమ అనుకుని సంతోషించింది.

సోమవారం దుర్గాశంకర్ ఎక్కాడు. మొదటి బ్రేకర్. గర్రు.

నాగవేణి కారు పక్కకి తీసి ఆపింది. నెమ్మదిగా తల తిప్పి భర్తను పైనుంచి కింది దాకా చూసింది. ఆయన ముందు అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తున్నాడు. ఫిజిక్స్ చెప్పే మనిషి కదా, లెక్క ఆయనకీ అందింది.

"అమ్మ ఎక్కినప్పుడు చప్పుడు రాలేదంటావు" అన్నాడు.

"రాలేదు."

"పిట్టంత మనిషిలే."

"ఏవండీ, ఇన్నాళ్ళూ మనం తీసెయ్యాల్సింది ట్రేని కాదండీ."

ఆయన కాసేపు గంభీరంగా ఉండబోయాడు. కుదరలేదు. పొట్ట అదిరేలా నవ్వాడు. ఆ అదురుకి కారు కూడా కొంచెం ఊగింది.

పెద్ద బ్రేకర్ల సంగతి ఆ రోజుతో తేలిపోయింది. బ్రేకర్‌కి ముందు నాగవేణి కారు ఆపుతుంది. దుర్గాశంకర్ కాళ్ళు బయటపెట్టి, తలుపు పట్టుకుని దిగుతాడు. కారు నిశ్శబ్దంగా దాటుతుంది. ఆయన వెనకే నడిచి దాటి మళ్ళీ ఎక్కుతాడు. ట్రే ఉంచమని పట్టుబట్టింది ఆయనే కాబట్టి సణగడానికి లేదు.

టీ కొట్టు వాళ్ళకి ఇదంతా తెలియదు. పెద్దింటి ఆవిడ రోజూ పొద్దున్నే మొగుణ్ణి నడిరోడ్డున దించేస్తోందని జాలిపడ్డారు. ఒకరోజు ఆటో అతను ఒకడు ఆగి, "ఎక్కండి సార్, మేడమ్ గారు వెళ్ళిపోయేలా ఉన్నారు" అన్నాడు.

"వెళ్ళదు బాబూ, ఆగుతుంది" అన్నాడు దుర్గాశంకర్, చేతిలో టిఫిన్ క్యారియర్‌తో బ్రేకర్ ఎక్కుతూ.

అవతల కారు ఆగింది. నాగవేణి లోపలి నుంచి చెయ్యి చాపి ఆయన వైపు తలుపు తెరిచింది.