బిళ్ల మీద నీటిబొట్టు

మైల బాత్రూములకు అంటదు. వంటింటి గడపకు అంటుతుంది, పచ్చడి జాడీకి అంటుతుంది, మంచినీళ్ల బిందెకైతే మరీ అంటుతుంది. బాత్రూము దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. అందుకే మహర్నవమి పొద్దున బెజవాడ అంతా ఆయుధపూజల హడావిడిలో ఉంటే సాయిశ్రీ చీర ఎగదోపుకుని బాత్రూము గచ్చు తోముతోంది. తెల్లారగట్ల బయట చేరింది. ఆ మాట చెప్పీ చెప్పకముందే అత్తగారు భద్రమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "ఇవాళే రావాలా! సర్లే, దేవుడి గది వైపు రాకు. ఊరికే కూర్చునే బదులు ఆ బాత్రూములు రెండూ కడిగెయ్," అంది. ఆడవాళ్లకు విశ్రాంతి ఇవ్వడానికే మన పెద్దలు ఈ ఆచారం పెట్టారని పోయిన నెల వాట్సాప్‌లో అందరికీ పంపింది కూడా ఈవిడే.

హాల్లో భర్త దుర్గాశంకర్ గుమ్మడికాయలూ కొబ్బరికాయలూ సంచుల్లో సర్దుతున్నాడు. సాయిశ్రీ బాత్రూము గుమ్మంలోంచే పిలిచింది.

"ఏమండీ, కంపెనీలో లోపలి గదిలో మాత్రం దీపం, సాంబ్రాణి పెట్టకండి. నిన్న సాయంత్రం చేసిన బిళ్లలు డబ్బాలో ఉన్నాయి. మూత తియ్యొద్దని అత్తయ్యకి చెప్పండి."

"దేవుడి దగ్గర కూడా నీ రూల్సేనా? నాకు తెలుసులే," అని అతను కారు తాళాలు తీసుకున్నాడు.

ఆటోనగర్‌లో వాళ్లకో యూనిట్ ఉంది. వన్‌టౌన్‌లో భద్రమ్మ బట్టల కొట్టు అమ్మిన సొమ్ముతో పెట్టింది కాబట్టి అది ఆవిడ పేరు మీదే ఉంది. పళ్లు ఊడినవాళ్లకు దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూలు అక్కడ తయారవుతాయి. ముందు హాల్లో మెషీన్ల రొద, వెనకాల చిన్న గది. ఆ గది సాయిశ్రీది. ఎం.టెక్. చదివిన చదువుకు ఈ లోకంలో ఆమెకు మిగిలిన చోటు అదొక్కటే. స్క్రూ ఎంత తళతళలాడినా దాని మీద వేలు తగిలినంత, కంటికి కనపడని జిడ్డు ఉన్నా ఎముక కణాలు దాన్ని దగ్గరికి రానివ్వవు. ప్లాస్మా మెషీను అరలో పెట్టి, కరెంటుతో మెరిసే గాలి తగిలించి తీస్తే జిడ్డు పోయి ఆ పైపొర మారిపోతుంది. మారిందో లేదో చూడటానికి రూపాయి బిళ్లంత టైటానియం బిళ్ల మీద ఒక నీటిబొట్టు వదిలి, పక్కనుంచి కెమెరాతో ఫొటో తీసి, బొట్టు అంచు ఎంత కోణంలో లేచిందో కొలుస్తారు. బొట్టు పల్చగా పరుచుకుంటే కణాలు కూడా హాయిగా కాళ్లు చాపుకుని అతుక్కుంటాయి. బొట్టు గుండ్రంగా నిలబడితే కణాలూ ముడుచుకుపోయి, కడగ్గానే కొట్టుకుపోతాయి. ఆ గది ఊడ్చేది సాయిశ్రీయే, కొలిచేది సాయిశ్రీయే, డాక్టర్లు వస్తే కాఫీ కలిపేది కూడా సాయిశ్రీయే. జీతం సంగతి ఎత్తితే దుర్గాశంకర్ నవ్వేస్తాడు. "మన కంపెనీలో మనకి జీతమేంటి సాయీ!" అంటాడు. ఆయన జీతం మాత్రం ఒకటో తారీఖుకల్లా ఆయన అకౌంట్లో పడుతుంది.

నాలుగో రోజు తలస్నానం చేసి, మళ్లీ మనుషుల్లో కలిశాక ఆమె యూనిట్‌కి వెళ్లింది. గది తలుపు తీయగానే సాంబ్రాణి వాసన గుప్పుమంది. కెమెరా కంటి మీద కుంకుమ. ప్లాస్మా మెషీను తలుపు మీద మూడు గంధపు గీతలు. బల్ల మీద ఆరిపోయిన నువ్వులనూనె ప్రమిద, దాని పక్కనే మూత తీసిన డబ్బా. బిళ్లలకు కూడా హారతి అందాలి కదా మరి! ఒక బిళ్ల తీసి నీటిబొట్టు వదిలింది. చేమాకు మీద బొట్టులా నిటారుగా నిలబడింది. రెండో బిళ్ల మీదా అంతే. మూడోదాని కోసం చూస్తే డబ్బాలో సగం బిళ్లలు లేవు.

"డాక్టర్ గారు తొందరపెడితే పంపించేశాను," అన్నాడు దుర్గాశంకర్ ఫోనులోంచి తలెత్తకుండా.

"కొలవకుండానా?"

"నువ్వు బయటున్నావుగా. ఎవర్ని కొలవమంటావు?"

ఆ డాక్టరు వెంకటకృష్ణారావు గారు. పెద్ద పళ్ల ఆసుపత్రి ఆయనది. బిళ్లల మీద కణాలు అతుక్కుంటాయో లేదో తెలిసిన కాలేజీ ల్యాబులో పరీక్ష చేయించుకుని, బావుంటేనే ఆసుపత్రికి స్క్రూలన్నీ వీళ్ల దగ్గర కొంటానన్నాడు. ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. ఒక్క కణం నిలబడలేదట, కడిగితే అన్నీ పోయాయట. ఇంకొక్కసారి చూస్తానని, అదీ బాగా రాకపోతే వేరేవాళ్లని చూసుకుంటానని చెప్పాడు.

మర్నాడు భద్రమ్మ యూనిట్‌కి వచ్చింది. ఆవిడ పెడనలో అద్దకం చేసే ఇంట పుట్టింది. గంజీ నూనే పోని గుడ్డకు రంగు పట్టదు. అందుకని అద్దకానికి ముందు గుడ్డ మీద నీటిబొట్టు వేసి చూస్తారు. ఇంకితే సరే, నిలబడితే గుడ్డని మళ్లీ ఉడకెయ్యాలి. అందువల్ల సాయిశ్రీ ఎం.టెక్. రెండేళ్లలో నేర్చుకున్నది ఆవిడకు ఒక్క చూపులో అర్థమైంది. నిజం చెప్పొద్దూ, ఆ ఒక్క విషయంలో సాయిశ్రీకి అత్తగారంటే గౌరవమే.

నిలబడ్డ బొట్టు వైపు చూసి భద్రమ్మ పెదవి విరిచింది. "ఇది మైల తగిలిన సరుకు. పూజ ముందురోజు సాయంత్రం ఈ డబ్బా ముట్టుకుంది నువ్వేగా? అప్పుడే బయట చేరుంటావు. చెప్పకుండా దాచావు."

"లేదత్తయ్యా. నూనె దీపం పొగ, సాంబ్రాణి పొగ వీటి మీద పట్టేసిందండి. మూత తియ్యొద్దని నేను..."

"దేవుడి దీపం మైలా? ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందే నీకు!"

హాల్లో మెషీన్ల దగ్గర పనివాళ్లు తలలు తిప్పి చూశారు. సాయిశ్రీ మొగుడి వైపు చూసింది. ఆయన గోడకున్న క్యాలెండర్ని మహా శ్రద్ధగా చదువుతున్నాడు.

ఇంటికి వస్తుంటే బెంజి సర్కిల్ దగ్గర కారు ఆగినప్పుడు నోరు విప్పాడు.

"నువ్వు చెప్పింది నిజమే సాయీ. నెట్‌లో చూశాను. నూనె పొగ పడితే అంతేనంట."

"మరి అక్కడెందుకు చెప్పలేదు?"

"అమ్మకి బీపీ. పెద్దావిడ మీద తప్పు మోపుతామా? నువ్వే ముట్టుకున్నానని ఒప్పేసుకుని ఓ దణ్ణం పెట్టు, అయిపోద్ది. నీకేం పోతుంది?"

తెలియక అన్నవాళ్లతో వాదించొచ్చు. తెలిసినవాడు తెలియనట్టు నటిస్తే ఏం చేయాలి? పెళ్లైన కొత్తలో ఇదే మనిషి ఆ నీటిబొట్టు ఫొటోలు చూసి "అబ్బ, ఎంత బావుందో" అన్నాడు. ఆయనకు నచ్చింది బొట్టా, భార్య చేసే చాకిరీయా అని ఇన్నేళ్లూ అనుమానమే రాలేదు ఆమెకు. నీకేం పోతుందట! బస్సులో సీటు ఇమ్మని అడిగేటప్పుడు అనాల్సిన మాట అది. తప్పు ఎవరిదో తెలిసి కూడా తన ఒంటి మీద వేసుకోమంటున్నాడు, అదీ నెలనెలా రక్తం పోయే ఒంటి మీద. ఆమెకు ఒళ్లు మండిపోయింది. మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. ఆ ఇంట్లో ఆమె మౌనాన్ని ఎప్పుడూ ఒప్పుకోలు కిందే జమ కడతారు.

రాత్రి భోజనాల దగ్గర తీర్పు వచ్చేసింది. భద్రమ్మ చెల్లెలి మనవడు తేజేశ్వర్ ఒకటో తారీఖు నుంచి లోపలి గది చూసుకుంటాడు. బీటెక్ చదివాడు, మంచి జీతం ఇస్తారు. "మగపిల్లాడు. నెలకి మూడు రోజులు మూల కూర్చోడు," అంది భద్రమ్మ పెరుగు వడ్డించుకుంటూ. "నువ్వు నాలుగు రోజులు దగ్గరుండి వాడికి పని నేర్పు. ఆ తర్వాత హాయిగా ఇంటిపట్టున ఉండు."

డాక్టరు అడిగిన బిళ్లలు మాత్రం ఈలోపే చేసివ్వాలి. తేజేశ్వర్‌కి ఇంకా బిళ్లకూ బటానీకీ తేడా తెలియదు. కాబట్టి ఈ ఒక్కసారికీ సాయిశ్రీయే చేయాల్సి వచ్చింది. కొత్త బిళ్లలు కోయించేసరికి రెండు వారాలు పట్టింది. అవి వచ్చిన రోజు గది గోడలు తుడిచింది. కుంకుమ, గంధం, నూనె మరకలు అన్నీ స్పిరిట్‌తో కడిగింది. మర్నాడు పొద్దున యూనిట్‌కి వెళ్లి, గ్లౌజులు వేసుకుని బిళ్లలు సర్దబోతుంటే పొత్తికడుపులో మెలితిప్పినట్టయింది. తేదీకి ఇంకా వారం రోజులుంది. ఈసారి ముందే వచ్చేసింది.

గ్లౌజులు తీసి ఫోను చేతిలోకి తీసుకుంది. ఇంటికి ఫోన్ చేయాలి. చేస్తే గది తాళం పడుతుంది, డాక్టరు ఆర్డరు పోతుంది, తప్పు మళ్లీ తన మీదికే వస్తుంది. చేయకపోతే? బయట చేరినప్పుడు ముట్టుకున్నదల్లా పాడైపోతుందని చిన్నప్పటి నుంచీ వింటున్న మాట గుర్తొచ్చి భయమేసింది. ఇంత చదివీ తనకు ఆ భయం ఉన్నందుకు సిగ్గేసింది. సిగ్గు వెనకాలే కోపం వచ్చింది. బ్యాగులోంచి ప్యాడ్ తీసుకుని బాత్రూముకు వెళ్లొచ్చి, చేతులు కడుక్కుని, కొత్త గ్లౌజులు వేసుకుని ప్లాస్మా మెషీన్ ఆన్ చేసింది. దాచాలని కాదు, చెప్పాల్సిన రోజున చెప్పాలని అనుకుంది. మధ్యాహ్నానికి బిళ్లలు తనే కొలిచి, సగం కాలేజీ ల్యాబుకు తనే పట్టుకెళ్లి ఇచ్చింది. ఆ రెండు రోజులూ ఇంట్లో వంట చేసింది, పచ్చడి జాడీలో చెయ్యి పెట్టింది. పచ్చడికి ఏమీ కాలేదు.

మూడో రోజు అందరూ లోపలి గదిలో చేరారు. డాక్టరు కాలేజీ వాళ్లు తీసిన ఫొటోలు తెచ్చి బల్ల మీద పరిచాడు. కణాలు నాలుగు వైపులా కాళ్లు చాపుకుని లోహాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. "కడిగినా కదల్లేదు. ఇంత బాగా రావడం నేనెప్పుడూ చూళ్లేదు. నీ చెయ్యి పడితే ఇక తిరుగులేదయ్యా దుర్గా!" అన్నాడు. దుర్గాశంకర్ వినయంగా తల వంచాడు.

సాయిశ్రీ మిగిలిన బిళ్లల్లోంచి ఒకటి తీసి, అత్తగారి ముందు నీటిబొట్టు వదిలింది. పడీ పడగానే బొట్టు పల్చగా పరుచుకుపోయింది. భద్రమ్మ మొహం విప్పారింది. ఆ బిళ్లను వేళ్లతో తీసి కళ్లకద్దుకుంది.

"చూశావా అమ్మాయ్! శుద్ధిగా ఉండి చేస్తే ఎట్టా వచ్చుద్దో. ఇదీ మడి అంటే. ఒరే తేజా, నువ్వు కూడా ఇట్టాగే చెయ్యాలిరా," అంది గుమ్మం దగ్గర నిలబడ్డ కుర్రాడితో.

ఇప్పుడు నోరు మూసుకుంటే ఏ గొడవా లేదు. అందరికీ కాఫీలు కలపొచ్చు. తేజేశ్వర్‌కి పని నేర్పి, తాళాలు వాడి చేతిలో పెట్టి ఇంటికి వెళ్లి బాత్రూములు కడుక్కోవచ్చు. సాయిశ్రీ గ్లౌజులు తీసి బల్ల మీద పెట్టింది.

"అత్తయ్యా, ఈ బిళ్లలు చేసిన పొద్దునే నేను బయట చేరానండి. ఇవాళ మూడో రోజు. తేజేశ్వర్‌కి పని నేర్పాలంటే మడిగా ఉండేవాళ్లెవర్నైనా చూసుకోండి, నేను నేర్పను."

"సాయీ!" అన్నాడు దుర్గాశంకర్. డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. భద్రమ్మ బిళ్ల పట్టుకున్న చేతిని నిప్పు పట్టుకున్నట్టు ఒంటికి దూరంగా చాపింది. దాన్ని ఎక్కడ వదిలించుకోవాలో తెలియక, తెరిచి ఉన్న డబ్బా వైపు వంగింది.

సాయిశ్రీ డబ్బా మూత పెట్టేసింది.

"అందులో పెట్టకండత్తయ్యా. దానికి మీ చెయ్యి తగిలింది."